కారులో కొత్త స్పీకర్లు

అమలాపురంలో కారు సామాన్ల కొట్టు ముందు, అప్పుడే కొత్త స్పీకర్లు బిగించిన కారులో మావగారు, కోడలు కూర్చున్నారు.

“కంపెనీ స్పీకర్లు బాగానే ఉన్నాయి కదమ్మా కెజియా, ఎందుకు మార్పించేవు?”

“నాకు సరిగ్గా వినపడట్లేదండీ మావయ్యగారూ.”

“నీకా? వంటింట్లో ఉండి, వీధిలో వచ్చేది ఎవరి బండో చెప్తావు!”

“ఆయ్, మీకేనండీ వినపడట్లేదు. ఇదివరకు చర్చికి వెళ్తుంటే దారి పొడుగునా పాటతో పాటు పాడేవారు. ఇప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నారు.”

“పాట ఎక్కడుందో తెలీక మానేసేను. ఎవరూ గమనించలేదనుకున్నాను.”

“చెవికి మిషను పెట్టించుకోమని మీ అబ్బాయి అంటే అలిగి అన్నం మానేసేరు కదండీ. అందుకే మీ చెవి జోలికి రాకుండా కారు జోలికెళ్లేను.”

“గడుసుదానివే. ఏదీ, పెట్టు.”

ఆమె పాట పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. రెండో చరణానికి మెల్లగా గొంతు కలిపారు. పాట అయిపోగానే చెయ్యి చాపి స్పీకర్లు ఆపేశారు.

“బాగోలేదాండీ?”

“చాలా బాగుందమ్మా. కానీ కారు దిగేక నీ మాటెలా వినపడుద్ది? పద, చెవి డాక్టరుగారి దగ్గరికి పోనీ.”