కోత లేని చికిత్సకు కుడిభుజం: శ్రీ వెంకటనర్సయ్య గారు

1984 జూన్ నాలుగవ తేదీన, జూబ్లీ హిల్స్‌లో మేడల పునాదుల కోసం బండలను తూటాలతో పేలుస్తున్న రోజుల్లో, శ్రీ వెంకటనర్సయ్య గారు మన ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో సహాయకులుగా చేరారు. ఆ పేలుళ్లకు కిటికీ అద్దాలు అదిరేవి గాని, వారు తీసిన ఎక్స్‌రే ఏనాడూ చెదరలేదు.

1989లో, మూత్రపిండాల్లోని రాళ్లను కోత లేకుండా తరంగాలతో పొడి చేసే యంత్రం రాగా, దానిని నడిపే గౌరవం వీరికే దక్కింది. రోగిని నీళ్ల తొట్టిలో పడుకోబెట్టి, గుండె చప్పుడుకొక దెబ్బ చొప్పున రెండు వేల దెబ్బలు వేయాలి. రోగి కదిలితే గురి తప్పుతుంది. ఇంట్లో ఎవరి మాటా చెవిన పెట్టని డాక్టర్ త్రినాథరావు గారు, ఆ గదిలో మాత్రం వీరి "ఆగుండ్రి సార్"కు ఆగిపోయేవారు.

1991లో కృష్ణానగర్ నుంచి అమ్మాజీ అనే గ్రూప్ డాన్సర్ వచ్చింది. కోసి రాయి తీస్తే మూడు నెలలు మంచం; పన్నెండు రోజుల్లో పాట షూటింగ్, దానికి అందకపోతే వరుసలో ఆమె చోటు ఇంకొకరిదైపోతుంది. నొప్పికి సూది ఇచ్చారు గాని మెలకువగానే ఉంది. యంత్రం టక్కు టక్కుమనగానే ఆమె భుజాలు తాళానికి ఊగసాగాయి.

"ఇలా కదిలితే ఆపేస్తానమ్మా. ఇక కోతే," అన్నారు డాక్టర్ గారు.

"నేనెక్కడ కదిలానండీ! అది తాళం వేస్తోంది, ఒళ్లు దాని వెంట పోతోంది," అని ఏడ్చింది అమ్మాజీ.

వెంకటనర్సయ్య గారు తొట్టి పక్కన కూర్చున్నారు. "బిడ్డా, గీ పాటల నీకు స్టెప్పు లేదు. రాయి ఆడుతది. నువ్వు ఎనక బొమ్మ లెక్క ఉండాలె. కదిల్తే షాట్ మల్ల తియ్యాలె."

"అయితే క్లోజప్పు రాయికా, బాబాయ్?"

"మరి? గదే హీరోయిన్."

మిగిలిన పద్దెనిమిది వందల దెబ్బలకూ ఆమె రెప్పలు తప్ప ఏదీ కదల్లేదు. పది రోజుల్లో రాయి ఇసుకై మూత్రంలో పోయింది. పన్నెండవ నాడు అమ్మాజీ మూడవ వరుసలో తన చోటున తాను ఆడింది. గుడ్డతో వడగట్టిన ఆ ఇసుకను ఖాళీ ఫిల్ము డబ్బీలో తెచ్చిచ్చింది. అది నేటికీ వీరి బల్లపై, వీరి చేతిరాతలోని "హీరోయిన్" అన్న చీటీతో విరాజిల్లుతోంది.

నాలుగు వేల మందిని కత్తి ముట్టకుండా ఇంటికి పంపిన వీరు, 1998 మే 31న పదవీ విరమణ చేస్తున్నారు. ఎవరైనా పొగడబోతే యంత్రం గదిలోకి తప్పించుకుపోవడం వీరికున్న ఒకే ఒక్క లోపం. అందుకే, నేడు డాన్స్ మాస్టరు గారి సహాయకురాలైన అమ్మాజీ, సన్మాన వేదికపై వీరి పక్క కుర్చీని ముందుగానే అడిగి తీసుకుంది.

"ఈ పాటలో మీకు స్టెప్పు లేదు బాబాయ్. ఆడేది మేము. కదలకండి!" అని చెప్పి కూడా వెళ్లింది.

అందరిచేతా రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగించిన వెంకటనర్సయ్య గారు, ఇకనైనా చాయ్ తగ్గించి తామూ ఆ నీళ్లు తాగుతూ, శ్రీమతి నీలమ్మ గారితో ఆరోగ్యంగా, ఆనందంగా, చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుందాం.

— పుష్పవల్లి
(డాక్టర్ త్రినాథరావు గారి శ్రీమతి)