సుంకులమ్మ అడిగిన మాట

సుంకులమ్మ అని ఒకామె ఉండేదంట. మొగుడు పోయినాడు, ఊళ్లో గొర్రెలకీ మేకలకీ పసరు మందు పోసి బతికేది. ఏమైందంటే, వానల్లేని ఒక ఏడు, ఆ ఊళ్లోనే బయన్న అనే ఆయన గొర్రెలు ఉన్నట్టుండి గిలగిలా కొట్టుకొని చచ్చినాయంట. మంద సగం పోయె. ముందురోజే ఆ మందలో ఒక కుంటి గొర్రెకి సుంకులమ్మ పసరు పోసుంది. ఇంకేముంది, బయన్నకి అనుమానం, ఊరిపెద్ద ఓబుల్రెడ్డి అరుగు మీద కూర్చొని, ఇదే విషం పెట్టింది అనేసినాడు. చూసినోడు లేడు. నేను పెట్టలేదు రెడ్డీ, నేను మందు పోసిన కుంటిది బతికే ఉంది గదా, పోయి చూడండి అని ఆమె మొత్తుకుంటే విన్నోడు యాడున్నాడు? తప్పెట కొట్టించి, వీధి వీధికీ చాటించి, కట్టుబట్టల్తో ఊరవతలికి తోలేసినారు. ఆడమనిషిని, మండే ఎండలో. మనుషులేనా వాళ్లు, మీరే చెప్పండి.

ఆమె గుట్ట కింద గుడిసేసుకొని ఉండింది అనుకో. కొన్నాళ్లకి ఓబుల్రెడ్డి ఎద్దులు కూడా అట్లే పడి చచ్చినాయి. చూస్తే ఏముంది, కోసిన జొన్నచేలో మళ్లీ మొలిచిన పిలకలు మేసినాయి. వానల్లేనప్పుడు ఆ పిలకే విషం, మీకు తెలుసు గదా. బయన్న గొర్రెలు మేసింది కూడా ఆ చేలోనే. కుంటిది నడవలేక దొడ్లో ఉండిపోయి బతికింది.

అప్పుడు ఊరంతా గుట్ట కాడికి పోయినారు. ఓబుల్రెడ్డి మీసం సవరించుకొని, సుంకులమ్మా, నీ తప్పు కాసినాం, రా ఊళ్లోకి అన్నాడంట. వినండప్పా ఆ మాట. ఆమె లేవలేదు. "ఏ తప్పు కాసినావు రెడ్డీ? చేసినోళ్లకి గదా కాసేది. నేనేం చేసినా?" అనింది. ఏదైతేనేం, పిలుస్తున్నారు గదా, రామ్మా అన్నారు పక్కనోళ్లు. ఆమె కదల్లేదు. అప్పుడాయన, సరే, నువ్వు నిర్దోషివి అన్నాడు. "అంటే ఏంది? నన్ను తరిమినప్పుడు అందరికీ తెలిసే మాటే చెప్పినావు గదా. ఇప్పుడూ అట్లే చెప్పు." ఆయన నేల చూస్తా, నీ తప్పేం లేదు అన్నాడు. "మరి తప్పెవరిది?" అనింది. ఆయన వెనక్కి జరిగినాడు. బయన్న ముందుకొచ్చి, "నాది అక్కా. మొదట అనుమానపడింది నేనే" అని ఆమె మూట నెత్తికెత్తుకున్నాడంట. మళ్లీ తప్పెట కొట్టించి, ఆమె తప్పు లేదని ఆ వీధుల్లోనే చాటించినాక గానీ ఆమె ఇంట్లో కాలు పెట్టలేదు.

ఓబుల్రెడ్డి మాత్రం చచ్చేదాకా, సుంకులమ్మ తప్పు నేనే కాసినా అని చెప్పుకుంటానే ఉన్నాడంట. ఏం చేస్తాం అప్పా అట్లాంటోళ్లని.