రాని రోగుల కోసం ఎదురుచూసిన పెద్ద సిస్టరుగారు

1988 జూన్ పదమూడవ తేదీ ఉదయం ఎనిమిది గంటలకు మా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేరిన పెద్ద సిస్టరుగారు, ముప్పై ఆరేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొలి పదిహేనేళ్లు వార్డులోను, తరువాత ఓపీలోను వారు చూపిన సహనం గురించి ఈ విభాగంలో గోడనడిగినా చెబుతుంది.

తొమ్మిదేళ్ల క్రితం పెద్దవారిలో ఏడీహెచ్‌డీకి, అంటే చిన్ననాటి నుంచీ వెన్నంటి వచ్చే ఏకాగ్రత లోపానికి, నిలకడలేమికి, ఇక్కడ ప్రత్యేక ఓపీ మొదలైంది. చెప్పిన రోజున మూడుసార్లు రానివారి పేరు కొట్టేయాలని గుమాస్తానైన నేనే నియమం రాశాను. ఆర్నెల్లలో సగం పేర్లు ఎగిరిపోయాయి.

ఒకనాడు సిస్టరుగారు కొట్టేసిన చీటీల కట్ట తెచ్చి నా బల్లమీద పెట్టారు.

"గుమాస్తాగారూ, కాలు విరిగినవాణ్ణి పరుగెత్తుకొస్తేనే కట్టు కడతామంటామా?"

"రూలు కదమ్మా."

"తేదీ మరిచిపోవడమే వీళ్ల జబ్బు. జబ్బుందని వెళ్లగొడుతున్నాం మనం."

పై చీటీ ఒక లేత్ మెషీను కార్మికుడిది. వయసు నలభై రెండు. పనులు సగంలో వదిలేసి రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. మూడోది నేడో రేపో అన్నట్టుంది. సిస్టరుగారు అతణ్ణి మర్నాడు రమ్మని కబురు పెట్టి, ఆ ఉదయం ఎనిమిదికి మళ్లీ ఫోన్ చేశారు.

"తమ్ముడూ, ఇవాళ రమ్మన్నాం. ఎక్కడున్నావు?"

"బయల్దేరానక్కా."

"మరి ఆ సుత్తి చప్పుడేమిటి?"

"కుర్చీ కాలు ఊగుతుంటే..."

"సుత్తి కింద పెట్టు. చొక్కా వేసుకో. బస్సెక్కేదాకా నేను ఫోన్ పెట్టను."

వచ్చాడు. డాక్టరుగారు అతని తల్లిని కూడా పిలిపించి బడినాటి సంగతులడిగారు. ఇది దిగులు వల్లో, నిద్రలేమి వల్లో కాదని రూఢి చేసుకున్నాకే జబ్బు పేరు చెప్పారు.

"నేను ఒట్టి సోమరినని నలభై ఏళ్లు నమ్మానక్కా," అన్నాడతడు. సిస్టరుగారు అతని చేతికి బీపీ పట్టీ చుట్టి, చుట్టిన చేతిని కాసేపు అలాగే పట్టుకున్నారు.

కొద్ది మోతాదుతో మొదలుపెట్టిన మందు, వారం వారం నాడి పరీక్ష, పనికో అలారం, వీటన్నిటితో అతని ఉద్యోగం నిలిచింది. నా నియమం మాత్రం నిలవలేదు, నేనే కొట్టేశాను. రావలసిన రోగులకు ఆ ఉదయపు ఫోన్లు విభాగానికే ఆనవాయితీ అయ్యాయి.

మొన్న అతడు కొత్త చొక్కా తొడుక్కుని అభినందన సభకు వచ్చేశాడు.

"సభ వచ్చే వారం కదయ్యా," అన్నారు సిస్టరుగారు.

"ఆలస్యమైతే కాలేదు కదక్కా," అని తన ఫోన్ చూపించాడు. రోజూ ఎనిమిదికి అలారం, దాని కింద 'అక్కకు ఫోన్' అని రాసుకున్నాడు. "ఇక నుంచి నా వంతు."

పెద్ద సిస్టరుగారు ఆయురారోగ్యాలతో, మనవల సందడితో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఆ ఎనిమిది గంటల పిలుపుకు ప్రతి ఉదయం "చెప్పు తమ్ముడూ" అని బదులు పలుకుతూనే ఉండాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది.