తాగుబోతు పేరు

నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రి. ఎడపల్లి గంగమణికి రేపు మోకాలి ఆపరేషన్. పక్కన మొగుడు ఆత్మారాం. నర్సు సౌందర్య కాగితం నింపుతోంది.

“షుగర్ లేదు, బీపీ ఉంది... రాసిన. అవ్వా, కల్లు తాగుతవా?”

“అగో, నన్నడుగుతవేంది బిడ్డా? గాయన్నడుగు. మా ఊరి కల్లు దుకాణం గాయన పేరు మీదనే నడుస్తది.”

“ఆపరేషన్ తాతకు కాదు గద, నీకు.”

“నాకా? ఛీ! ఆడిదాన్ని.”

“సక్కగ చెప్పరాదే, గంగమణి.”

“నువ్వు నోరు మూస్కో. తాగుబోతు మాట ఎవలింటరు?”

“దాచొద్దవ్వా. రోజు తాగెటోళ్లకు మత్తుసూది వేరే తీర్గ ఇస్తరు. చెప్పకుంటే పానం మీదికొస్తది. కల్లు ఒక్కసారి బందైతే చేతులు వణుకుతయి, సోయి తప్పుతది.”

“గా వణుకుడేదో గీయనకే రావాలె. నేను చాయ తప్ప ఏం ముట్ట.”

“నాట్లేసేటప్పుడు ఒడ్డు మీద కూసోని తాగకపోతివా?”

“గప్పుడు అందరు తాగిండ్రు! పొద్దంత బురదల వంగినంక ఆడిదా మొగోడా అని ఎవలన్న అడిగిండ్రా? ఇప్పుడు కొడుక్కు నౌకరాయె. కోడలచ్చె, టౌన్ పిల్ల. ‘అత్తమ్మా, గీ వాసనేంది’ అంటది.”

“నువ్వేమన్నవ్?”

“మీ మామ కూసున్న మంచమమ్మా, అన్న.”

“తాతను ఇరికిచ్చినవ్ పో!”

“నవ్వకు బిడ్డా. మొగోడు తాగితే ఒళ్లు నొప్పులకు తాగిండంటరు. ఆడిది తాగితే ఇల్లు మునిగిందంటరు.”

“అంటే తాగుతవ్.”

“నేనన్ననా? ... జరంత. మోకాలు గుంజినప్పుడు.”

“జరంత అంటే?”

“గ్లాసెడు.”

“గంగమణీ...”

“రెండు.”

“సీస అని రాయి బిడ్డా. రోజు పొద్దుగూకితే నిండు సీస.”

“థూ, ఇజ్జత్ తీస్తివి గద ముసలోడా! కోడలు బయటనే ఉంది!”

“రేపు నువ్వు కండ్లు తెరవకపోతే ఇజ్జత్‌ను నేనేం జేస్కోవాలె?”

“కొట్లాడకుండ్రి. కోడలికి చెప్పను, డాక్టర్‌కే చెప్త. సూది సంగతి ఆయన సూస్కుంటడు. మరి తాతా, అవ్వను ఇంటికి తీస్కపోయినంక నువ్వే లేపాలె, నడిపియ్యాలె. నువ్వెన్ని తాగుతవ్?”

“గాయన సంగతి వద్దు బిడ్డా, కాగితం సాలది.”

“చెప్పనియ్యే. ఇన్నేండ్లకు నన్ను ఒకలు అడిగిండ్రు.”

“ఏం అక్కెర లేదు. లే, పోదాం.”

“అవ్వా, ఆగు. చెప్పు తాతా.”

“కామెర్లయినప్పుడే మానేసిన బిడ్డా, ఆరేండ్లాయె. గీమె దుకాణంకు పోతే నలుగురు నవ్వుతరని రోజు నేనే పోయి సీస తెస్తున్న. సూసెటోళ్లకు అనుమానం రావద్దని, వచ్చేటప్పుడు జర తూలుకుంట నడుస్తున్న.”