నాయిన దాచిన చేపలు

శామీర్‌పేట చెరువు కట్ట కింద లింగస్వామి ఇల్లు. పొద్దున ఏడు గంటలు. వాకిట్లో కూర్చుని ఆయన తెగిన వల అల్లుకుంటున్నాడు. తల్లి ఈదమ్మ చేపల గంప కడుగుతోంది. కూతురు సరళ చేతిలో కాగితాలు పట్టుకుని ఇద్దరి ముందూ నిలబడి ఉంది.

"ఆగాగు బిడ్డ. మల్ల మొదటి నుంచి జెప్పు. ఎక్స్‌ప్రెస్ బస్సు లెక్క ఉరుకుతున్నవ్. మా స్టాపుల ఆగుతనే లేవు."

"యూనివర్సిటీల మాట్లాడనీకె ఇరవై నిమిషాలే టైము నాయినా. గంతలనే అంత జెప్పాలె. పదకొండుకు షురూ."

"జెప్తవా, ఆళ్ల మొకాన గుమ్మరించి వస్తవా? అమ్మా, నీకేమన్న సమజైందా?"

"అయిందిర. పోరి పొద్దుగాల సంది ఏం తినలేదు. గదొక్కటి సమజైంది."

"తింట అవ్వా, తింట. ముందు గీ కాయితం ఇనుండ్రి. మన చెరువు మీద పదకొండు ఇండ్లోళ్లు వలేస్తరు. మూడేండ్ల సంది ఆదివారం ఆదివారం హాస్టల్ నుంచి వచ్చి, వారంల ఎన్ని కిలోలు వడ్డయని అందర్నడిగి రాసుకున్న. ఆళ్లు జెప్పిన లెక్కను ఎల్‌తోని గుణిస్తె..."

"గా ఎల్ అంటె ఏంది?"

"లింగస్వామి."

"ఏందీ?"

"నీ పేరే నాయినా. ఇంగ్లీషుల మొదటి అచ్చరం."

"నా పేరు లెక్కల్ల ఎందుకు వెట్టినవే? నేనేం జేసిన?"

"అబద్ధమాడినవ్."

"సూడమ్మా, నీ మనుమరాలు! బడిల నా పేరు వలికితె సార్లు కొట్టుడే. ఆరో తరగతిలనే బంద్ వెట్టిన. ఇప్పుడు దేశదేశాలోళ్ల ముందట నా పేరు రాస్తదంట. గదిగూడ అబద్ధాలోని కింద."

"అబద్ధాలోడని రాయలే. 'చేపలు పట్టెటోళ్లు దాసుకునే భాగం' అని రాసిన. పడ్డయన్ని నోటితోని జెప్తె నజర్ తాకుతది, మర్నాడు వల ఖాళీగ వస్తది అంటరు గదా మీరు. గందుకే ఎవలడిగినా తక్కువ జెప్తరు. గా తక్కువ ఎంత అన్నదే నా లెక్క."

"ఎంతంట?"

"షురూల ఒకటిన్నర. నిరుడు రెండు. ఇప్పుడు మూడు. అంటె నీ వలల ఇరవై నాలుగు కిలోలు వడితె ఎన్మిదే జెప్తున్నవ్. ఏటేటా పెద్దగైతున్నవ్ నాయినా, అబద్ధాలల్ల."

"మనిషన్నంక ఎదగాలె గదా."

"ఎదుగు, నాకేంది! మిగిలిన పది ఇండ్లోళ్ల లెక్క గూడ నీ అంకెతోనే గుణించిన."

"ఆళ్లనెందుకు నా పాపంల కలిపినవ్? గండయ్యకు తెలిస్తె సంఘం మీటింగుల నన్ను కూసోనిస్తడా?"

"గండయ్య పెదనాయిన సంగతి నాకు తెల్వదా? నిరుడు పెద్ద కొర్రమట్ట వడితె తువ్వాలల సుట్టి సంకల వెట్టుకొని వోయిండు. 'ఏంది పెదనాయినా' అంటె 'జొరమొచ్చింది బిడ్డ' అన్నడు. తోక బయటికి కనిపిస్తనే ఉన్నది."

"జొరమే. చేపకొచ్చింది."

"నవ్వు నవ్వు. గిదే కాయితం జూసి మలావి మేడం గూడ పడి పడి నవ్వింది."

"గా మలావి ఏడుంటదే?"

"ఆఫ్రికల. జెప్పిన గదా, మూడు యూనివర్సిటీలు కలిసినయని. మనది, స్వీడనోళ్లది, మలావోళ్లది. పుస్తకంలున్న లెక్క జేసుడు మనకు మస్తుగొస్తది. కొత్త లెక్క పుట్టిచ్చుడే రాదు. గది వచ్చెటోళ్లను తయారు జెయ్యాలెనని కలిసిన్రు."

"గంత దూరం నుంచొచ్చి మన చేపలు లెక్కవెడ్తరా? ఆళ్లకాడ చేపల్లేవా?"

"మలావిల ఒక చెరువున్నది నాయినా. గీ ఒడ్డు నుంచి సూస్తె గా ఒడ్డు కానరాదంట. ఆడోళ్లు గూడ దాసే జెప్తరంట. మేడం ఆళ్ల నాయినది గూడ మన పనే. ఇప్పుడాడ ఒక పిల్ల నీ ఎల్ పట్టుకొనే లెక్కలు షురూ జేసింది."

"నా ఎల్ పట్టుకొనా? నన్నొక మాటడగకుండనా?"

"అడిగితె నువ్వు తక్కువ జెప్తవ్ గదా!"

"అమ్మా, కొడుతది సూడు మాటల్తోని. సరేగని బిడ్డ, మంచిగ మాట్లాడితె ఏమిస్తరు నీకు?"

"ఎన్మిది మందిమి మాట్లాడుతున్నం. ఇద్దర్నే తీసుకుంటరు. నాలుగేండ్ల చదువు. కొన్ని నెలలు స్వీడన్ల, కొన్ని నెలలు మలావిల, ఎక్కువంత ఈడనే. స్టైఫండ్ గూడ ఇస్తరు. నేను జీడిమెట్ల మొకం సూసే పనుండదిగ."

"జీడిమెట్ల ముచ్చట ఇప్పుడెందుకు తీస్తవే?"

"యాదికొచ్చింది. మొదటేడు నువ్వు జెప్పుకుంట జెప్పుకుంట ఇరవై కిలోల నుంచి పదారుకు దిగినవ్. 'ఇంక నాలుగేండ్లల్ల చెరువుల ఒక్క చేప మిగులది' అని లెక్క తేలింది నాకు. గిక్కడనే కూసోని ఎంతేడ్సిన! చదువు బంద్‌వెట్టి మందుల కంపెనీల చేరుత, ఇల్లు నేను నడుపుత అన్న. ఆళ్లు రమ్మన్నరు గూడ."

"గయన్ని ఎందుకిప్పుడు..."

"గప్పుడు గదా నువ్వు నవ్వి, 'పిచ్చిదాన, చేపలు యాడికి వోలే, నేనే దాసి జెప్తున్న' అన్నది. గా మాటకే నా లెక్క పుట్టింది. నువ్వు గది జెప్పకుంటె నేనియ్యాల గోలీలకు స్టిక్కర్లు అంటించుకుంట ఉంటుండె."

"మంచిదే గదా మరి. ఇగ బువ్వ తిను."

"ఇంకున్నది. దాసిన లెక్క కలిపితె ఏం తేలిందో తెలుసా? చెరువు నిమ్మలంగున్నది. రెండేండ్ల కిందెన్ని చేపలో ఇప్పుడన్నే. ఇన్నవా?"

"ఇన్న... గని బిడ్డ, ఒక్క సంగతి. నేను దాసుకున్నదెంతో నీకెట్ల తెలిసింది? నేనెన్నడు జెప్పలే గదా."

"నువ్వెందుకు జెప్తవ్! అవ్వ చింతగింజలు జెప్పినయ్."

"ఏ గింజలు?"

"అవ్వకొక డబ్బ ఇచ్చిన. కిలో చేపలమ్మితె ఒక గింజెయ్యి అన్న. రెండేండ్ల సంది ఆదివారం వచ్చి గింజలు లెక్కవెట్టుకుంటున్న. నువ్వు జెప్పేది ఒకటి, అవ్వ అమ్మేది ఒకటి. రెండిటికి నడుమున్నదే ఎల్."

"అమ్మా... ఏం గింజలు?"

"సాయ తాగుతవార?"

"సాయ కాదమ్మా. గింజలేసినవా నువ్వు?"

"పోరి ఎయ్యమన్నది, ఏసిన. నీకేందిర నడుమ?"

"నాకు జెప్పొద్దా?"

"నీకు జెప్తె నువ్వు ఊకుంటవా నాయినా? సగం గింజలు నువ్వే తీసి పారేస్తుంటివి. గందుకే జెప్పొద్దన్న."

"...సరళా. ఒక్కటడుగుత. గా ఎల్ తీసేస్తె ఏమైతది?"

"తీసేసుడేంది?"

"అంటె నా పేరు మంచిగలేదు గదా బిడ్డ. మీ మేడం పేరు వెట్టుకో, మీ సారు పేరు వెట్టుకో. లేకుంటె ఇంకేదన్న లెక్క జెప్పి రారాదు? చిన్నప్పుడు ఎక్కాలు మస్తు జెప్తుంటివి."

"ఎక్కాలా! స్వీడన్ సారు ముందట?"

"పందొమ్మిదో ఎక్కం ఆయనకొస్తదో రాదో!"

"నవ్వొద్దు నాయినా, బస్సుకు లేటైతాంది. అసలు ముచ్చట జెప్పుడే మరిసిన. మాట్లాడుడు అయినంక మూడింటికి ఆళ్లంత ఈడికే వస్తరు. మేడం నీతోని తెప్పెక్కి వల గుంజుతదంట. పది కిలోల బొచ్చె చేపలు మన వలలనే వడాలె, ఈడనే వండాలె."

"ఇయ్యాలనా?"

"ఇయ్యాలనే."

"ఇయ్యాల గాలి మస్తున్నది బిడ్డ."

"ఆకు కదుల్తలేదు."

"తెప్ప కింద థర్మాకోల్ ఇరిగింది."

"నిన్ననే గదా కొత్తది కట్టినవ్. ఫోటో గూడ పంపితివి."

"ఫోటోల మంచిగనే ఉంటది. నీళ్లల్లనే..."

"ఎందుకు పరేషానైతున్నవ్ నాయినా? వారానికి ఇరవై నాలుగు వడుతున్నయ్ నీ వలల. పది పట్టలేవా?"

"వాన్నెందుకు సతాయిస్తవే పోరి! పది కిలోలే గదా. పేట్ బషీరాబాద్ కాడ లారీ ఇంకా వోయుండది. ఫోన్ కొడితె పక్కకు వెడ్తరు."

"అమ్మా!"

"ఏ లారీ అవ్వా?"

"ఏ లారీ లేదు బిడ్డ. మీ అవ్వకు పెయ్యి మంచిగలేదు."

"నా పెయ్యి నిక్షేపంగున్నదిర. చేపల లారీ బిడ్డ. ఆంధ్ర దిక్కు భీమవరం నుంచి ఐసు డబ్బలల్ల వస్తది పొద్దుగాల."

"గా లారీతోని నీకేం పని?"

"కాలనీల ఎన్మిది ఇండ్లున్నయ్ నాకు. ఇంటికి మూడు కిలోల లెక్క వారం వారం కావాలె ఆళ్లకు. చెరువుల వడకుంటె ఇయ్యనని జెప్తనా? ఇయ్యకుంటె ఇంకొకలకాడ కొనుక్కుంటరు. తక్కువ వడ్డయి లారీల తెచ్చి కలుపుత."

"మూడెన్మిదులు... ఇరవై నాలుగు."

"గంతే. ఎన్నడన్న ఒక్క కిలో తక్కువిచ్చిన్నా, అడుగు! ఆళ్లల్ల గా బుల్లిబాబు సారు భీమవరపాయననే. 'మామ్మా, ఎంతైనా మీ చెరువు చేపకున్న రుచి మా భీమవరం చేపకి లేదండీ' అంటడు. నేను తలకాయ ఊపుత."

"అవ్వా... లారీ చేపలకు గూడ గింజలేసినవా?"

"ఎయ్యనా మరి? కిలో అమ్మితె గింజెయ్యమన్నవ్. ఏసిన. ఒక్కటెక్కువెయ్యలే, ఒక్కటి తక్కువెయ్యలే. ఏడి చేపలని నువ్వడిగినవా?"

"...అడగలే."

"మరి నా మీద కోపమెందుకు?"

"నీ మీద కాదవ్వా. మేడం ఒక్కటే అడిగింది మొన్న. 'చెరువన్నంక ఎక్కువ తక్కువ ఉంటది గదా, నీ గీత గింత సక్కగెట్లుంది?' అని. 'మా చెరువు గట్లనే ఉంటది మేడం' అన్న. రెండేండ్లు భీమవరం చేపల్ని శామీర్‌పేట చెరువుల లెక్కవెట్టిన."

"పోనీ తియ్యి బిడ్డ. మూడు దేశాలు కలిసినయంటివి. భీమవరం గూడ కలిసింది."

"నాయినా!"

"నవ్వుతవేమోనని అన్న."

"పదకొండుకు ఆడ నిల్సోని ఏం మాట్లాడాలె నేను? మలావిల గా పిల్ల నా అంకె పట్టుకొని ఆళ్ల చెరువు గూడ నిమ్మలంగున్నదని రాస్తది. దాసినయి కలిపితె మస్తున్నయని ఆళ్లింక పెద్ద వలలేస్తె? ఉన్నయి గూడ వోతయ్."

"నువ్వు జెప్పకుంటె ఎవలికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"...మీటింగుకు వోవా మరి?"

"ఎందుకు వోను? వోత. తప్పైందని జెప్త. తప్పు ఏడైందో సుత జెప్త. గని తప్పని ఒక్కటే జెప్పి వస్తె ఎవలు తీసుకుంటరు నన్ను? సరైన లెక్క గూడ చేతుల ఉండాలె. బస్సుల గంటన్నర టైమున్నది, మల్ల జేస్త. అవ్వ గింజలు పనికి రాకుంట వోయినయ్. ఇగ నాకున్నది నువ్వు జెప్పిన లెక్కనే."

"నా లెక్కనా?"

"నీదే. ఎన్ని దాసుకున్నవో నీకెర్కనే గదా. నజర్ లేదు, పాడు లేదు, ఇయ్యాలొక్కనాడు నిజం జెప్పు నాయినా. కాళ్లు మొక్కుత."

"కాళ్లెందుకే... ఛీ. లే, కూసో. అమ్మా, పిల్లకింత బువ్వెయ్యి."

"బువ్వ తర్వాత. మాట తప్పించకు."

"తప్పిస్తలేను. జెప్త. జెప్తె నువ్వు మల్ల జీడిమెట్ల పోత అనవు గదా?"

"గీ లెక్కకు జీడిమెట్లకు ఏం సంబంధం?"

"ముందు జెప్పు. చదువు ఇడువవు గదా?"

"ఇడువ."

"ఒట్టు?"

"అవ్వ మీద ఒట్టు."

"నన్నెందుకే నడుమల గుంజుతరు!"

"ఊకో అవ్వా. జెప్పు నాయినా, జల్దీ జెప్పు. రాసుకుంటున్న. మూడు కాదని తేలింది. రెండా? ఒకటిన్నరా? నువ్వు జెప్పిన కిలోలను ఎంతతోని గుణించాలె?"

"ఒకటితోని, బిడ్డ."