వందో రోజు, ఐదు చేపలు

నాగాయలంకలో బందరు బస్సెక్కి, తాతయ్య చేతిలోని తన ఫోను చూడగానే మనవరాలు లబోదిబోమంది.

“తాతయ్యా! ఈ మాటల ఆటలో రోజుకొక్క మాట కనిపెట్టాలి, ఆరే ఛాన్సులు. తొంభై తొమ్మిది రోజులు వరసగా గెలిచాను. ఐదు తగలేశావా?”

“నాలుగక్షరాల మాటన్నావుగా, చేపల పేర్లు కొట్టాను.”

“ఐదూ చేపలేనా! ఇదొక్కటీ తప్పితే మళ్లీ సున్నా నుంచే!”

“కొరమీనులో మొదటి రెండక్షరాలూ సరిపోయి ఆకుపచ్చగా వెలిగాయి కదే! ఆ చేప ఒకసారి నన్ను కాలవలో అవనిగడ్డ దాకా ఈడ్చుకెళ్లింది, తెలుసా?”

మనవరాలు తాతయ్య వైపు ఉరిమి చూసింది.

“అలా కొరకొరా చూస్తావేంటే?”

“ఆగు! కొరకొర...”

తాతయ్య చేతిలోని ఫోను మీదే మనవరాలి వేలు చకచకా కదిలింది. నాలుగు గళ్లూ ఆకుపచ్చగా వెలిగాయి.

“చూశావా, ఆరో మాటా నాదే! వందో రోజు గెలిచింది నేనే.”

మనవరాలు ఫోను లాక్కుని మళ్లీ అలాగే చూసింది.