బ్యాంకుకి ఉంచిన నూట పదహార్లు

మస్తానమ్మని ఒకామె, కారం మరలో పనిచేసేదంట. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే కళ్లు రెండే కనపడేయి, ఊళ్లో సగం మంది పిల్లకాయలు ఆమె మొహం ఎట్టా ఉంటదో చూడనేలేదనుకో. మర ఆమెది కాదు, ఈరాంజనేలు గారిది. ఆయన మర పెట్టిన కాణ్ణించీ ఆడించేది మాత్రం ఈమే. మిరపకాయలు గుప్పెట్లోకి తీసుకుని చెవి దగ్గర గలగలలాడించి, ఇంకో ఎండ పడాల పొమ్మంటే పోవాల్సిందే, మునసబు గారి పెళ్లామైనా సరే. అట్టాంటిది, ఏమైందంటే, ఈరాంజనేలు గారికి మోకాళ్లు పట్టేసినయ్. ఒక్కతే కూతురు, కాకినాడలో ఉంటది, వచ్చెయ్ నాన్నా అని రోజూ ఫోనంట. సరే పోదామనుకున్నాడు. ఇంతలో టౌను నుంచి ఒకడొచ్చి మర బేరమాడాడు. ఊడదీసి టౌనుకి పట్టుకుపోతాడంట. మస్తానమ్మకి ఈ సంగతి తెలిసింది. మర పోతే ఆమేం కావాల? పరిగెత్తుకుంటా పోయి, బాబాయ్, వాడికియ్యమాక, నేను కొనుక్కుంటా అంది. డబ్బులేయే అన్నాడాయన. బ్యాంకులో లోను పెడతా అంది. ఆయన నవ్వలా పాపం, సరే అమ్మాయ్, మళ్లీ మిరపకాయల కాలం దాకా చూస్తా అన్నాడు.

బ్యాంకుకి పోయింది. అక్కడ సుహాసిని మేడం అని లోన్లు చూసే ఆమె ఉండేది. ఆ మేడం కంప్యూటరులో చూసి, నువ్వెవరో మాకు తెలీట్లేదమ్మా అంది. తెలీకపోటమేంది, పుట్టింది ఈ ఊళ్లోనే గదా అంది మస్తానమ్మ. అట్టా కాదమ్మా, ఎప్పుడన్నా బ్యాంకులో అప్పు తీసుకుని తీర్చావా అని. జన్మలో తియ్యలా మేడం, అంటా నిటారుగా కూర్చుందంట, మెచ్చుకుంటారేమోనని. అదేనమ్మా చిక్కు అంది మేడం! ఇనండి మరి. అప్పు చెయ్యకపోటం కూడా తప్పే వాళ్ల లెక్కలో. సరే, ఆ మేడమే దారి చెప్పింది. చీటీ డబ్బులేమన్నా ఉంటే ఇక్కడ డిపాజిట్టు వెయ్యి, దాని మీద క్రెడిట్ కార్డు ఇస్తాం, కొంచెం కొంచెం వాడు, బిల్లు రాగానే కట్టు, నువ్వు మాట మీద నిలబడే మనిషివా కాదా అని మార్కులేస్తారు, మార్కులు బాగుంటే లోను అడగటానికి ఒక దారుంటది, అని. మస్తానమ్మ కార్డు తీసుకుని కళ్లకద్దుకుని రవికెలో పెట్టుకుంది.

టౌనుకి పోయి ఆ కార్డు మీద ఒక కుక్కరు కొంది. బిల్లొచ్చింది. డబ్బులు పట్టుకుని బ్యాంకు కౌంటరు కాడికి పోయింది. ఇక్కడే ఉంది అసలు సంగతి. మీకు తెలుసు గదా, మన ఊళ్లో పిచ్చయ్య శెట్టి కొట్లో ఖాతా ఎవరన్నా పూర్తిగా తీరుస్తారా? తీర్చరు. పదో పరకో ఉంచుతారు. మొత్తం తీర్చేశామంటే ఏందనుకుంటాడు శెట్టి? ఈమెకి నామీద కోపమొచ్చింది, ఇంకో కొట్టు చూసుకుంది, అనుకుంటాడు. ఎవురన్నా తెలీక మొత్తం కట్టబోయినా, ఆయనే, ఏమ్మా నావల్ల తప్పేమన్నా జరిగిందా అనడుగుతాడు. మస్తానమ్మ అదే ఆలోచించింది. అంత పెద్ద బ్యాంకు, నన్ను నమ్మి కార్డిచ్చింది, దానికి పది రూపాయలు ఉంచితే ఏం బాగుంటది, నూట పదహార్లు ఉంచుదాం అనుకుంది. కౌంటరులో అబ్బాయి, ఇంకా నూట పదహారు ఉందమ్మా అన్నాడు. తెలుసులే నాయనా, ఉండనీ, అని నవ్వుకుంటా ఇంటికొచ్చింది. కార్డుని భద్రంగా బియ్యం డబ్బాలో పెట్టింది, మళ్లీ తియ్యలా.

బ్యాంకు ఊరుకుంటదా? ఫోనులో టింగుమని మెసేజీ. ఇంగిలీషు. ఇంకో నెల, ఇంకో టింగు. తర్వాత ఒక పిల్ల ఫోను చేసింది, అమ్మా మీ బాకీ ఉందండీ అని. మస్తానమ్మకి ఎంత సంతోషమో! చూడు, శెట్టి గుర్తు చేసినట్టే చేస్తన్నారు, మనం కనపడకపోతే బెంగెట్టుకున్నారు, అనుకుంది. ఉంటదిలే తల్లీ, ఎక్కడికి పోతాం, నువ్వు అన్నం తిన్నావా అనడిగింది. ఆ పిల్ల ఫోను పెట్టేసింది. ఏయ్ నవ్వమాకండ్రా, మీ అమ్మలయితే టీ తాగి పొమ్మని పిలిచేవాళ్లు.

మిరపకాయల కాలం వచ్చింది. మస్తానమ్మ మంచి చీర కట్టుకుని బ్యాంకుకి పోయింది. సుహాసిని మేడం కంప్యూటరు చూసి మొహం మాడ్చుకుంది. ఏందమ్మా ఇది, నెలనెలా బాకీ ఎగ్గొట్టినట్టు పడిందే, దాని మీద జరిమానాలు, మార్కులన్నీ పోయినయ్, లోను రాదు అంది. మస్తానమ్మకి ఒళ్లు మండిపోయింది. నేనా ఎగ్గొట్టింది? మర్యాదకి ఉంచా మేడం! తెంపుకోటం ఇష్టంలేక ఉంచా! అని గట్టిగా అరిచింది, కళ్లమ్మట నీళ్లు. మేడం సంగతంతా విని, పాపం, నవ్వలా. మంచినీళ్లిచ్చి చెప్పిందంట. అమ్మా, ఆ లెక్క చూసేది మనిషి కాదు, దానికి మర్యాద తెలీదు. అది చూసేది ఒకటే, చెప్పిన తేదీలోపల మొత్తం కట్టావా లేదా అని. ఇప్పుడు జరిమానాతో సహా తీర్చెయ్. ఇక నెలనెలా గ్యాసు బండ ఒక్కటే దాంతో కొను, కార్డు నిండా వాడమాక, బిల్లు రాగానే సున్నా చెయ్. ఏడాది ఓపిక పట్టు, అని.

ఏడాది! మర ఆగొద్దా? మస్తానమ్మ తిన్నగా ఈరాంజనేలు గారింటికి పోయి గడపలో కూలబడింది. టౌనోడు బయానా పట్టుకుని రేపొస్తన్నాడంట. బాబాయ్, లోను రాలా, తప్పు నాదే అని జరిగిందంతా చెప్పింది. ముసలాయన మోకాలు రుద్దుకుంటా విన్నాడు. ఎంత ఉంచావూ అనడిగాడు. నూట పదహార్లు బాబాయ్. నేనూ కాకినాడ పోయేముందు శెట్టి ఖాతాలో పది రూపాయలు ఉంచే పోదామనుకున్నానే పిల్లా, అన్నాడు. టౌనోడికి అప్పుడే ఫోను చేసి రావద్దన్నాడు. మర ఆమెకి ఏడాది బాడుగకిచ్చి కూతురి దగ్గరికి పోయాడు.

ఇక మస్తానమ్మ నెలనెలా గ్యాసు బండ కొనటం, బ్యాంకుకి పోయి మొత్తం కట్టటం. కట్టిన ప్రతిసారీ ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుండేదంట ఆమెకి. ఏందో, మొహమాటం లేని మనుషులు, అని గొణుక్కుంటా వచ్చేది. అయినా కట్టింది, ఒక్క తేదీ దాటలా. మళ్లీ కాయలు కళ్లాల్లోకొచ్చేసరికి మార్కులు లేచినయ్, లోనొచ్చింది.

ఈరాంజనేలు గారు కాగితాల మీద సంతకానికి వచ్చాడు. బ్యాంకు ఇయ్యాల్సింది బ్యాంకు ఇచ్చింది. మిగతాది మస్తానమ్మ మర కాడ కొంగులోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేలు తడుపుకుంటా లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. అమ్మాయ్, నూట పదహారు తగ్గిందే అన్నాడు. తెలుసు బాబాయ్, ఉంచా, అంది. ముసలాయన తలొంచుకుని ఆ డబ్బు పంచెలో ముడేసుకున్నాడు. మర ఆడతందిగా, ఘాటు కళ్లల్లో పడిందన్నాడు. అప్పుడు మర ఆగే ఉంది, నేనక్కడే ఉన్నా.

అంతేనయ్యా కత. ఇప్పటికీ ఆయన ఏటా కాయల కాలానికి దిగుతాడు, నా బాకీ ఏదే అంటా. వచ్చే ఏడు చూద్దాంలే బాబాయ్ అని ఆమె కారం పొట్లం కట్టిచ్చి పంపిద్ది. మీరు మాత్రం బ్యాంకు కాడ మర్యాదలకు పోమాకండి, తేదీలోపల పైసాతో సహా కట్టి పారెయ్యండి. దానికి మీరు మళ్లీ కనపడకపోయినా బెంగుండదు.